మాజీ సైనికుడి మనసుకు పరుగు ఏం చేస్తుంది?

శ్రీకాళహస్తి చుట్టుపక్కల ఊళ్లలో తెల్లవారకముందే రోడ్డెక్కే కుర్రాళ్లు కనిపిస్తుంటారు. బూట్లు ఉన్నవాళ్లు బూట్లతో, లేనివాళ్లు ఉత్తకాళ్లతో పరుగెడుతుంటారు. గట్టున నిలబడ్డ స్నేహితుడి చేతిలో ఫోను, ఫోనులో స్టాప్‌వాచ్. ఆర్మీ సెలెక్షన్లలో 1.6 కిలోమీటర్లను ఐదున్నర నిమిషాల్లో ముగిస్తే పూర్తి మార్కులు. చివరి పది సెకన్లు తగ్గించుకోవడానికే నెలలు పడతాయి. పటాలంలో చేరాక కూడా పరుగు వదలదు. పొద్దున్నే పీటీ ఉంటుంది, బీపీఈటీ అనే శారీరక పరీక్షలో సామగ్రి మోస్తూ 5 కిలోమీటర్లు పరుగెత్తాలి. అలా పదిహేను, పదిహేడేళ్ల సర్వీసు చేసి చాలామంది జవాన్లు నలభై నిండీ నిండకముందే ఊరికి తిరిగొస్తారు. పెన్షన్ చాలక బ్యాంకు దగ్గరో ఫ్యాక్టరీ గేటు దగ్గరో సెక్యూరిటీ ఉద్యోగంలో కుదురుకుంటారు. పరుగు ఆగిపోతుంది. దాంతోపాటే పక్కన పరుగెత్తే తోటివాళ్లూ దూరమవుతారు.

మన దేశంలో మారథాన్‌కీ సైన్యానికీ సంబంధం కొత్తది కాదు. విశాఖపట్నం బీచ్ రోడ్డు మీద నౌకాదళం 2014 నుంచి వైజాగ్ నేవీ మారథాన్ నడుపుతోంది. కార్గిల్ రోజుల్లో, 1999 జూలై 15న, అఖ్నూర్ సెక్టార్‌లో మోర్టార్ గుండు పేలి కుడికాలు పోగొట్టుకున్న మేజర్ డి.పి. సింగ్ పదేళ్ల తర్వాత ఢిల్లీలో హాఫ్ మారథాన్ పరుగెత్తి, ఆ తర్వాత తనలాంటివాళ్లను పోగుచేసి ఒక సంస్థే పెట్టారు. పోయిన కాలు అందరికీ కనిపిస్తుంది, దానికోసం చప్పట్లు కొడతాం, చందా ఇస్తాం. కనిపించని గాయం కోసం పరుగెత్తితే జనం డబ్బిస్తారా, ఆ పరుగు వల్ల గాయపడినవాడికి నిజంగా మేలు జరుగుతుందా? ఈ రెండు ప్రశ్నలకూ శాస్త్రం దగ్గర కొంత జవాబు ఉంది.

ముందు గాయం సంగతి చూద్దాం. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల నుంచి వచ్చిన సైనికుల్లో కొందరు ఒంటిమీద చిన్న గీత కూడా లేకుండానే మాట పడిపోయి, చూపు మసకబారి, వణికిపోతూ ఆసుపత్రులకు చేరారు. 1915లో చార్లెస్ మయర్స్ అనే వైద్యుడు లాన్సెట్ పత్రికలో దీన్ని 'షెల్ షాక్' పేరుతో వర్ణించాడు. చాలాకాలం దాన్ని పిరికితనం కింద జమకట్టారు. వియత్నాం యుద్ధం ముగిశాక, 1980లో, అమెరికా మనోవైద్యుల సంఘం తన రోగాల పట్టికలో పీటీఎస్‌డీ అనే పేరు చేర్చింది. అంటే ఘోరమైన అనుభవం తర్వాత మనసులో మిగిలిపోయే ఒత్తిడి రుగ్మత.

దాని లక్షణాలు ఊళ్లో అందరికీ తెలిసినవే, రోగమని మాత్రం తెలియదు. బ్రహ్మోత్సవాల్లో బాణసంచా పేలగానే ఒకాయన ఒక్క ఉదుటున గోడవారకు ఒదిగిపోతాడు. హోటల్లో ఎప్పుడూ గుమ్మం కనిపించే కుర్చీలోనే కూర్చుంటాడు. రాత్రి మూడింటికి చెమటలు పట్టి లేచి కూర్చుంటాడు. టీవీలో సరిహద్దు వార్తలు వస్తే చానల్ మారుస్తాడు. పిల్లవాడు గ్లాసు పడేస్తే ఇల్లు దద్దరిల్లేలా అరుస్తాడు, మరుక్షణం తనే సిగ్గుపడి బయటికి వెళ్లిపోతాడు. "మిలిటరీ ఆయన కదా, కోపమెక్కువ" అని ఇరుగుపొరుగు సర్దుకుపోతారు. భార్య మాత్రం ఆయన అడుగుల చప్పుడును బట్టి ఆ పూట ఎలా గడుస్తుందో లెక్క కట్టుకుంటూ బతుకుతుంది.

మెదడులో అమిగ్డలా అనే బాదంగింజంత భాగం ఉంది. ప్రమాదాన్ని పసిగట్టి గుండెను, ఊపిరిని, కండరాలను సిద్ధం చేయడం దాని పని. నుదుటి వెనకున్న భాగం "ఇది పటాకులే, తుపాకీ కాదు" అని దాన్ని అదుపు చేయాలి. హిప్పోకాంపస్ అనే ఇంకో భాగం "అది అప్పుడు జరిగింది, అక్కడ జరిగింది" అని జ్ఞాపకానికి తేదీ, చోటు తగిలించాలి. పీటీఎస్‌డీలో అమిగ్డలా యుద్ధం ముగిసినా డ్యూటీ దిగని సెంట్రీలా ఉండిపోతుంది. అదుపు చేయాల్సిన నుదుటి భాగం నీరసిస్తుంది. జ్ఞాపకానికి తేదీ అంటుకోదు, అందుకే పదేళ్ల కిందటి పేలుడు ఈ క్షణంలో జరుగుతున్నట్టే ఉంటుంది.

1995లో అమెరికాలో వియత్నాం మాజీ సైనికుల మెదళ్లను స్కాన్ చేసినప్పుడు పీటీఎస్‌డీ ఉన్నవాళ్లలో కుడివైపు హిప్పోకాంపస్ 8 శాతం చిన్నదిగా కనిపించింది. ఒత్తిడి దాన్ని కుదించిందని అనుకున్నారు. 2002లో మరో బృందం తెలివైన పని చేసింది. యుద్ధానికి వెళ్లిన సైనికుడినీ, వెళ్లకుండా ఇంట్లోనే ఉన్న అతడి కవల సోదరుడినీ పోల్చి చూసింది. తీవ్రమైన పీటీఎస్‌డీ ఉన్నవాడి కవలకు కూడా ఆ భాగం చిన్నగానే ఉంది! అంటే ఆ తేడా కొంతవరకు యుద్ధానికి ముందు నుంచే ఉన్నదన్నమాట. ఒకే బంకర్‌లో ఒకే పేలుడు చూసిన ఇద్దరిలో ఒకడు తేరుకుని ఇంకొకడు తేరుకోలేకపోవడానికి ధైర్యంతో సంబంధం లేదు. ఈ ఒక్క ముక్క మన ఊళ్లలో అందరికీ తెలిస్తే సగం అవమానం తగ్గుతుందని నా నమ్మకం.

మన జవాన్ల బాధంతా యుద్ధం నుంచే వచ్చిందనుకోవడమూ పొరపాటే. ఎత్తైన మంచు కొండల మీద ఒంటరి పోస్టింగులు, ఉగ్రవాదం ఉన్న చోట్ల నెలల తరబడి కంటిమీద కునుకులేని కాపలా, ఊళ్లో పొలం తగాదా నడుస్తుంటే సెలవు దొరక్కపోవడం, పిల్లల చదువు దూరం నుంచే చూసుకోవడం కలిసి పేరుకుంటాయి. 2022లో కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పిన లెక్క ప్రకారం అంతకుముందు ఐదేళ్లలో త్రివిధ దళాల్లో 819 మంది ఆత్మహత్య చేసుకున్నారు. వాళ్లలో 642 మంది ఆర్మీవాళ్లు. ఇది సర్వీసులో ఉన్నవాళ్ల లెక్క. రిటైరై ఊళ్లలో కలిసిపోయినవాళ్ల బాధ ఏ లెక్కలోకీ ఎక్కడం లేదు. వాళ్లలో కొందరికి దొరికే మందు క్యాంటీన్ రమ్ము. తాగితే నిద్ర త్వరగా పడుతుంది నిజమే, కానీ కలలు వచ్చే దశ నిద్రను మద్యం మొదట అణచి, తెల్లవారుజామున రెట్టింపుగా ఎగదోస్తుంది. పీడకలలు తగ్గడానికి తాగినవాడికి పీడకలలే మిగులుతాయి.

ఇక పరుగు దగ్గరికి వద్దాం. పరుగెత్తేవాడి గుండె దడదడలాడుతుంది, ఊపిరి ఎగసిపడుతుంది, అరచేతులు చెమర్చుతాయి. భయం పట్టుకున్నవాడికీ సరిగ్గా ఇవే జరుగుతాయి. పీటీఎస్‌డీ ఉన్న మనిషి ఈ గుర్తులకే భయపడడం నేర్చుకుని ఉంటాడు. గుండె వేగం పెరిగితే చాలు, ఏదో జరగబోతోందని మెదడు తీర్మానించేస్తుంది. అదే దడ స్వర్ణముఖి నది గట్టున పొద్దున్నే నలుగురితో పరుగెత్తుతున్నప్పుడు వస్తే, అరగంట ఉండి, ఏ ప్రమాదమూ జరక్కుండా తగ్గిపోతే, వారానికి నాలుగు రోజులు అలాగే జరిగితే, 'దడ అంటే ప్రమాదం' అన్న పాత ముడి సడలుతుంది. మనోవైద్యులు గదిలో కూర్చోబెట్టి మెట్లెక్కించో, వేగంగా ఊపిరి పీల్పించో చేయించే చికిత్సకు మూలసూత్రం ఇదే. పరుగు తెచ్చే లాభాల్లో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఈ ఒక్కటి, దీని గురించి మాత్రం చాలా తక్కువగా మాట్లాడతారు.

ఎక్కువగా మాట్లాడేది ఎండార్ఫిన్ల గురించి. పరుగెత్తితే ఎండార్ఫిన్లు ఊరి హాయి కలుగుతుందని ప్రతి వ్యాయామశాల గోడమీదా రాసి ఉంటుంది. రక్తంలో ఊరే ఎండార్ఫిన్ అణువు పెద్దది, రక్తం నుంచి మెదడులోకి సులువుగా దాటలేదు. 2021లో జర్మనీ పరిశోధకులు 63 మందికి ఎండార్ఫిన్ల పనిని అడ్డుకునే నాల్‌ట్రెక్సోన్ మందునో ఉత్తుత్తి మాత్రనో ఇచ్చి 45 నిమిషాలు పరుగెత్తించారు. ఎండార్ఫిన్ల దారి మూసినా హాయి తగ్గలేదు, ఆందోళన తగ్గడమూ ఆగలేదు. వాళ్ల రక్తంలో పెరిగినవి ఎండోకన్నాబినాయిడ్లు, అంటే మన ఒళ్లే తయారుచేసుకునే, గంజాయిలోని పదార్థానికి దగ్గరి అణువులు. వీటిలో మొదట దొరికినదానికి 1992లో జెరూసలేం శాస్త్రవేత్తలు ఆనందమైడ్ అని పేరు పెట్టారు. ఇది కొవ్వులో కరుగుతుంది కాబట్టి మెదడులోకి తేలిగ్గా చేరుతుంది. మరీ మెల్లగా నడిస్తే ఇది పెద్దగా పెరగదు, ఒళ్లు విరిగేలా పరుగెత్తినా పెరగదు. పక్కవాడితో ముక్కలు ముక్కలుగా మాట్లాడగలిగేంత వేగంలో బాగా పెరుగుతుంది.

మెదడు కట్టుబడి సంగతికొస్తే, 2011లో అమెరికాలో 55 దాటిన 120 మంది మీద ఏడాదిపాటు ఒక ప్రయోగం జరిగింది. వారానికి మూడుసార్లు, నలభై నిమిషాల చొప్పున చురుగ్గా నడిచినవాళ్ల హిప్పోకాంపస్ దాదాపు 2 శాతం పెరిగింది, కేవలం ఒళ్లు సాగదీసే వ్యాయామం చేసినవాళ్లలో కాస్త తగ్గింది. వాళ్లు మామూలు వృద్ధులు, పీటీఎస్‌డీ రోగులు కారు. ఆ ఫలితాన్ని యథాతథంగా మాజీ సైనికులకు అంటగట్టకూడదు. నేరుగా వాళ్లకు దగ్గరైన ఆధారం ఆస్ట్రేలియాది. 2015లో అచ్చయిన ఆ అధ్యయనంలో పీటీఎస్‌డీతో ఆసుపత్రిలో ఉన్న 81 మందిలో కొందరికి మామూలు చికిత్సతోపాటు 12 వారాల వ్యాయామం జతచేశారు. వాళ్లలో లక్షణాలు, దిగులు, నిద్ర మిగతావాళ్ల కంటే మెరుగయ్యాయి. దిగులు రోగానికి సంబంధించి 2024లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన పరిశోధన 218 అధ్యయనాలను కలిపి చూసి, నడక, నెమ్మది పరుగు గట్టిగానే పనిచేస్తున్నాయని తేల్చింది.

శ్వాస మీద కూడా ఒక చిన్న ప్రయోగం ఉంది. వాయులింగ క్షేత్రమైన శ్రీకాళహస్తిలో ఉన్నవాళ్లకు ఊపిరి విలువ వేరే చెప్పనక్కర్లేదు గానీ, ఇది అమెరికా మాట. ఇరాక్, అఫ్గానిస్తాన్‌లలో పనిచేసి వచ్చిన 21 మంది మాజీ సైనికులతో జరిపి 2014లో అచ్చువేసిన అధ్యయనంలో, సుదర్శన క్రియ అనే శ్వాస పద్ధతి నేర్చుకుని సాధన చేసినవాళ్లకు ఉలికిపాటు, ఆందోళన తగ్గాయి. సంఖ్య చిన్నది. దిశ మాత్రం పరుగు చెప్పినదే: శరీరం గుండా మనసును చేరవచ్చు.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరి. వ్యాయామం చికిత్సకు తోడు, చికిత్స మాత్రం కాదు. పీటీఎస్‌డీకి గట్టి ఆధారాలున్న వైద్యం వేరే ఉంది. భయపెట్టే జ్ఞాపకాన్ని నిపుణుడి సమక్షంలో కొద్దికొద్దిగా ఎదుర్కొనే చికిత్సకు 8 నుంచి 15 విడతలు పడతాయి, ఒక్కో విడత గంటన్నర దాకా. సెర్ట్రలిన్ లాంటి మందులు ఉన్నాయి. "రోజూ నాలుగు కిలోమీటర్లు పరుగెత్తు, అన్నీ పోతాయి" అని బాధలో ఉన్నవాడికి సలహా ఇవ్వడం క్రూరత్వం. పొద్దున్నే లేవలేకపోవడమే ఆ రోగంలో భాగం.

ఇంకొకటి, మేలు చేసేది మారథాన్ రోజు కాదు, దానికి ముందున్న నెలలు. మారథాన్ అంటే 42.195 కిలోమీటర్లు, శ్రీకాళహస్తి నుంచి తిరుపతికి వెళ్లి ఇంకా కొంచెం మిగిలే దూరం. ఒక కిలోమీటరుకు ఒంటి బరువులో కిలోకు దాదాపు ఒక కేలరీ ఖర్చవుతుంది. అరవై కిలోల మనిషికి మొత్తం 2,500 కేలరీలు కావాలి. కండరాల్లో, కాలేయంలో గ్లైకోజెన్ రూపంలో దాచిన చక్కెర ఇచ్చేది దాదాపు 2,000. అందుకే 30 కిలోమీటర్లు దాటాక చాలామందికి కాళ్లు రాళ్లవుతాయి, మెదడుకు చక్కెర తగ్గి మనసు కుంగుతుంది, ఏడుపొస్తుంది. ముగింపు గీత దాటాక రెండు మూడు వారాలు ఒళ్లు నలిగిపోయి, లక్ష్యం తీరిపోయి వెలితిగా ఉండడం ఆరోగ్యవంతులకే మామూలు. మనసు బాగాలేని మనిషిని ఒంటరిగా అక్కడ వదలకూడదు. మాజీ సైనికుల పరుగు నిర్వహించేవాళ్లు మారథాన్ తర్వాతి నెలకు కూడా కార్యక్రమం వేసుకోవాలి. మరో చిన్న విషయం, అటువంటి పరుగును తుపాకీ పేల్చి మొదలుపెట్టకండి. శంఖం ఊదండి, డప్పు కొట్టండి.

మారథాన్‌కు ముందున్న ఆ నెలల సాధన మాజీ సైనికుడికి వేరే ఏ వ్యాయామమూ ఇవ్వలేనిది ఒకటి ఇస్తుంది. సైన్యంలో ప్రతి జవానుకూ ఒక 'బడ్డీ' ఉంటాడు. ఒకడు నిద్రపోతే ఒకడు కాపలా, ఒకడు కదిలితే ఒకడు కాల్పులతో కాపు. రిటైరైన రోజున ఆ జత తెగిపోతుంది. జిల్లాలో ఉన్న మాజీ సైనికులు ఇద్దరిద్దరుగా పేర్లిచ్చి, వారంలో నాలుగు రోజులు కలిసి పరుగెత్తితే, ఒకడు రాని రోజు రెండోవాడు వెళ్లి తలుపు తడతాడు. భార్యాపిల్లలకు చెప్పలేని మాట ఐదో కిలోమీటరులో, ఇద్దరూ ముందుకే చూస్తూ పరుగెత్తుతున్నప్పుడు నోరు దాటుతుంది.

డబ్బు సంగతి. ఒకడు పరుగెత్తితే ఇంకొకడు ఎందుకు జేబులో చెయ్యి పెడతాడు? 2013లో క్రిస్టఫర్ ఒలివోలా, ఎల్డార్ షఫీర్ అనే పరిశోధకులు ఈ ప్రశ్న తీసుకున్నారు. విరాళం ఇవ్వడానికి వనభోజనంలో పాల్గొనాలంటే ఎంతిస్తారు, ఐదు మైళ్ల పరుగు పెట్టాలంటే ఎంతిస్తారు అని అడిగి చూశారు. హాయిగా తిని కూర్చునే పద్ధతికి కన్నా కష్టపడే పద్ధతికే జనం ఎక్కువ ఇస్తామన్నారు. కష్టపడి ఇచ్చిన విరాళానికి మన కళ్లలోనే అర్థం పెరుగుతుంది. ఈ ప్రభావం మనుషుల బాధ తీర్చే పనులకే వర్తించింది, పార్కు కట్టడం లాంటి సరదా పనులకు వర్తించలేదు. తలనీలాలిచ్చి, మెట్లమీద పసుపు రాసుకుంటూ కొండెక్కి, పొర్లుదండాలు పెట్టే నేలమీద ఉన్న మనకు ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. 1981లో మొదలైన లండన్ మారథాన్ ఈ సూత్రం మీదే ఇప్పటికి వంద కోట్ల పౌండ్లకు పైగా విరాళాలు పోగుచేసింది. 2004లో మొదలైన ముంబై మారథాన్ ఇప్పుడు ఏటా పదుల కోట్ల రూపాయలు సేకరిస్తోంది.

ఆ డబ్బు మన దగ్గర దేనికి కావాలి? మందులకంటే ముందు దారిఖర్చుకు. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో దేశంలో పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని, సమస్యను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని తేలింది. మాజీ సైనికులకు 2003 నుంచి ఈసీహెచ్‌ఎస్ వైద్య పథకం ఉంది. కార్డు ఉన్నా, పన్నెండు విడతల చికిత్స అంటే పన్నెండు రోజుల కూలి లేదా డ్యూటీ పోవడం, పన్నెండుసార్లు బస్సు, వెంట ఒక మనిషి. నాలుగో విడతకే ఆగిపోయేవాళ్లు ఆగేది ఇక్కడే. విరాళంతో ఈ ఖర్చు భరించవచ్చు. నెలకు రెండుసార్లు ఒక మనస్తత్వ నిపుణుణ్ణి పట్టణానికే రప్పించవచ్చు. ఇద్దరు ముగ్గురు మాజీ సైనికులకే తోటివాళ్లను ఆదుకునే శిక్షణ ఇప్పించవచ్చు. భార్యల కోసం విడిగా ఒక పూట పెట్టవచ్చు. ఆ చివరిది మరిచిపోకండి.

శ్రీకాళహస్తిలో ఇలాంటి పరుగుకు దూరం కొలిచి పెట్టాల్సిన పని కూడా లేదు. కనుమ నాడు ఒకసారి, శివరాత్రి బ్రహ్మోత్సవాల్లో మరోసారి స్వామి అమ్మవార్లు కైలాసగిరుల చుట్టూ ప్రదక్షిణకు బయల్దేరితే వేలమంది వెంట నడుస్తారు. ఆ చుట్టు 20 కిలోమీటర్లకు పైనే ఉంటుంది, హాఫ్ మారథాన్ 21.1 కిలోమీటర్లు. తేదీ కూడా వెతకనక్కర్లేదు. మన సైన్యానికి మొదటి భారతీయ అధిపతి కరియప్ప 1953 జనవరి 14న రిటైరయ్యారు. 2016 నుంచి ఆ తేదీని మాజీ సైనికుల దినోత్సవంగా జరుపుతున్నారు. అది ఏటా భోగికో సంక్రాంతికో కలిసొస్తుంది, వెంటనే కనుమ.

కాబట్టి నా విన్నపం ఇది. పట్టణంలోని పరుగు బృందాలు, కాలేజీ ఎన్‌సీసీ పిల్లలు, మాజీ సైనికుల సంఘాలు కలిసి, రద్దీకి అడ్డం కాకుండా పండుగకు ముందు ఆదివారం, పోలీసుల అనుమతితో ఆ దారిలో ఒక పరుగు పెట్టండి. పరుగెత్తలేనివాళ్లు కనుమ నాటి ప్రదక్షిణలో నడిచే ప్రతి కిలోమీటరుకూ పది రూపాయలు మొక్కుకోండి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాన్ని అడిగి, మాజీ సైనికుల మానసిక వైద్యానికే చెందేలా ఖాతా, లెక్క విడిగా పెట్టించండి. డబ్బు పోగుకాకముందే ఎవరికైనా సాయం కావాలంటే, 2022 అక్టోబరు నుంచి నడుస్తున్న మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ ఉంది. 2023 డిసెంబరులో సైనిక దళాల కోసం పుణెలోని సైనిక వైద్య కళాశాలలో దానికి ప్రత్యేక విభాగం కూడా తెరిచారు. నంబరు 14416. పగలైనా రాత్రైనా ఉచితంగా మాట్లాడవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. ఆయన ఫోన్ చేయకపోతే ఇంట్లోవాళ్లు చేయండి.